బైపోలార్ అని తేలాక ఎవరి అండ? తూచి చూసుకోవడానికి ఒక ప్రశ్న

డాక్టరు నా కుంగుబాటు గురించి పది నిమిషాలే అడిగారు. మిగిలిన గంటంతా నేను అపురూపంగా దాచుకున్న ఒక వేసవి గురించి అడిగారు. ఆ వేసవిలో నేను రోజుకు మూడు గంటలే పడుకునేదాన్ని, అయినా అలుపు తెలిసేది కాదు. ఒకే వారంలో మూడు కోర్సుల్లో చేరాను. అర్ధరాత్రి దాటాక స్నేహితులకు ఫోన్లు చేసి తెల్లవారేదాకా మాట్లాడాను. కూడబెట్టిన డబ్బు రెండు నెలల్లో హరించుకుపోయింది. నేను నిజంగా బతికింది ఆ రెండు నెలలే అని అప్పటిదాకా నా నమ్మకం. "అది కూడా ఇందులో భాగమే" అన్నారు డాక్టరు. కుంగుబాటును జబ్బని ఒప్పుకోవడానికి నాకు నిమిషం కూడా పట్టలేదు. ఆ వేసవిని జబ్బు ఖాతాలో రాయడానికి ఏడాది పైనే పట్టింది.

బైపోలార్‌తో, అంటే మనసు కుంగుబాటుకూ పట్టరాని ఉత్సాహానికీ మధ్య ఊగే ఈ జబ్బుతో, రాజీపడటం కష్టం కావడానికి సగం కారణం ఇదే అనుకుంటాను. జ్వరం పోతే ఎవరూ బెంగపెట్టుకోరు. ఈ జబ్బు పోయేటప్పుడు మనకు నచ్చిన మన రూపాన్ని కూడా కొంత పట్టుకుపోతున్నట్టు ఉంటుంది. సాయం ఎంచుకోవడం కూడా ఇక్కడే తిరకాసుగా మారుతుంది. ఎంచుకోవలసిన మనసే ఊగుతూ ఉంటుంది. అడుగున ఉన్నప్పుడు ఏ సాయమూ పనికిరాదనిపిస్తుంది, పైకి ఎగిసినప్పుడు ఏ సాయమూ అక్కర్లేదనిపిస్తుంది. తొలి రోజుల్లో నేను వెతుక్కున్న అండలన్నీ నేను ఏడుస్తున్నప్పుడు ఓదార్చేవే. నేను నవ్వుతున్నప్పుడు అడ్డుపడగలిగింది వాటిలో ఒక్కటీ లేదు. ఆ ఖాళీలోంచే రెండో ఎగుపు (ఉత్సాహం హద్దు దాటి పొంగే దశను నేను అలా అంటాను) వచ్చింది, ఆసుపత్రిలో తేలింది.

అప్పటి నుంచి ప్రతి సాయాన్నీ ఒకే ప్రశ్నతో తూస్తున్నాను: ఇది నాకు అవసరం లేదని నేను గట్టిగా నమ్ముతున్న రోజున కూడా పనిచేస్తుందా? కింద పోల్చినవన్నీ ఈ తక్కెడలోనే పెట్టాను. మీ తక్కెడ వేరుగా ఉండవచ్చు.

ముందు ఒక మాట. చనిపోవాలన్న ఆలోచనలు వస్తున్నా, వరసగా రెండు మూడు రాత్రులు నిద్ర లేకుండానే ఉత్సాహం పొంగుతున్నా, లేని మాటలు వినిపిస్తున్నా ఈ పోలికలు పక్కన పెట్టండి. అది ఎంపికలు చేసుకునే సమయం కాదు. ఒంటరిగా ఉండకుండా దగ్గరి మనిషిని పిలిచి, అత్యవసర వైద్య సాయానికి వెళ్లండి.

నమ్మాలా, మరొకరిని అడగాలా

బైపోలార్‌ను తేల్చే రక్తపరీక్ష గానీ స్కాన్ గానీ లేదు. థైరాయిడ్ వంటివి పరీక్షించేది ఇలాంటి లక్షణాలకు వేరే కారణం ఉందేమో చూడటానికే. నిర్ధారణ అంతా గతచరిత్ర మీద నిలుస్తుంది. కనీసం 7 రోజులు సాగిన, లేదా ఆసుపత్రిలో చేర్చవలసి వచ్చిన ఉద్ధృతిని మేనియా అంటారు. అది ఒక్కసారి వచ్చినా మొదటి రకం బైపోలార్. కనీసం 4 రోజులు ఉండి, జీవితాన్ని అంతగా ఛిన్నాభిన్నం చేయని ఉద్ధృతి హైపోమేనియా. దానికి తోడు రెండు వారాలకు తగ్గని తీవ్రమైన కుంగుబాటు కూడా వచ్చి ఉంటే రెండో రకం. రెండో రకాన్ని చిన్న బైపోలార్ అనుకునేవాళ్లు ఉన్నారు. అందులో కుంగుబాటులో గడిచే కాలం ఎక్కువ, కాబట్టి ఆ మాట అనకపోవడం మంచిది.

చరిత్ర మీద ఆధారపడే నిర్ధారణ కనుక పొరపాట్లు జరుగుతాయి. ఎక్కువగా జరిగే పొరపాటు, ఉన్న బైపోలార్‌ను మామూలు డిప్రెషన్ అనుకోవడం. ఎవరూ బాగున్నప్పుడు డాక్టరు దగ్గరకు వెళ్లరు కదా. ఆ పొరపాటుకు మూల్యం కూడా ఉంది. కుంగుబాటు మందు ఒక్కటే వాడితే కొందరికి అది నేరుగా మేనియాలోకి ఎగదోస్తుంది.

కాబట్టి రెండో డాక్టరు అభిప్రాయం తీసుకోవడం తప్పు కాదు, మొదటివారిని అవమానించడమూ కాదు. అయితే రెండో అభిప్రాయానికీ, నచ్చిన జవాబు దొరికేదాకా గుమ్మాలు మారడానికీ తేడా ఉంది. నేను రెండోదే చేశాను. నాలుగో డాక్టరు దగ్గర ఆ వేసవి సంగతే చెప్పలేదు. ఆయన బైపోలార్ కాదన్నారు, నేను పండగ చేసుకున్నాను. మీరు వెళ్తే మొదటి డాక్టరు రాసిన కాగితాలు పట్టుకెళ్లండి, మీ ఎగుపులను కళ్లారా చూసిన మనిషిని వెంట తీసుకెళ్లండి, ఈలోగా మందు ఆపకండి. ఈ మూడూ చేయడానికి మనసు ఒప్పకపోతే, మీరు వెతుకుతున్నది అభిప్రాయం కాదన్నమాట.

సైకియాట్రిస్టు, సైకాలజిస్టు, ఇంటి డాక్టరు

ఈ పోలిక త్వరగా ముగుస్తుంది. మందు రాసేది, మార్చేది సైకియాట్రిస్టు. మాటలతో చికిత్స చేసేది ఎక్కువగా సైకాలజిస్టు. బైపోలార్‌లో రెండోవారు మొదటివారికి తోడే తప్ప బదులు కాదు. మందు లేకుండా మాటలతోనే మేనియాను ఆపుతామని ఎవరైనా అంటే అక్కడి నుంచి లేచి రండి. ఏళ్లుగా మిమ్మల్ని చూస్తున్న మామూలు డాక్టరును మాత్రం తక్కువ చేయవద్దు. రక్తపరీక్షలు, బరువు, థైరాయిడ్, మూత్రపిండాలు చూసేది వారే కావచ్చు. మీరు వాడే మందుల జాబితా అంతా ఒకేచోట ఉండేదీ అక్కడే.

సైకియాట్రిస్టును ఎంచుకునేటప్పుడు డిగ్రీల కంటే నేను రెండు సంగతులు చూస్తాను. నేను వెళ్లవలసిన రోజున వెళ్లకపోతే అవతలి నుంచి ఎవరైనా ఆరా తీస్తారా? నా అనుమతి ముందే తీసుకుని, మా ఇంటివాళ్లు ఫోను చేస్తే వింటారా? ఎంత పేరున్నవారైనా, రోగి తనంత తానుగా వచ్చినప్పుడే చూసే డాక్టరు ఎగుపులో ఉన్న మనిషికి పెద్దగా అక్కరకు రారు. ఎందుకంటే ఆ మనిషి రాదు.

మందుల సంగతి

మందును మనం ఎంచుకోము. అయినా ఎంపిక జరిగే గదిలో మనమూ కూర్చుంటాం, అడగవలసినవి తెలిసి కూర్చోవడం మేలు.

లిథియం అన్నిటికంటే పాతది. ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ 1949లో మేనియా మీద దాని ప్రభావాన్ని ప్రకటించారు. ఇంతకాలమైనా దాన్ని పక్కకు నెట్టగల మందు రాలేదు. ఎగుపునూ దిగుపునూ రెంటినీ అదుపులో ఉంచడమే కాక, ఆత్మహత్య ముప్పును తగ్గించడంలో దానికి ఉన్నంత రుజువు మరో మందుకు లేదు. కాకపోతే దానితో కాపురం చేయడానికి క్రమశిక్షణ కావాలి. రక్తంలో దాని మోతాదు చాలామందికి లీటరుకు 0.6 నుంచి 0.8 మిల్లీమోళ్ల మధ్య ఉండేట్టు చూస్తారు, కొందరికి 1.0 దాకా. 1.5 దాటితే విషప్రభావం మొదలవుతుంది. అంటే మందుకూ విషానికీ మధ్య గోడ పలచన. అందుకే చివరి మోతాదు వేసుకున్న 12 గంటలకు రక్తం ఇవ్వాలి, మూత్రపిండాలనూ థైరాయిడ్‌నూ క్రమం తప్పకుండా చూపించుకోవాలి. విరేచనాలు, వాంతులు, ఒంట్లో నీరు తగ్గడం, ఉన్నట్టుండి ఉప్పు మానేయడం, నొప్పికి ఐబుప్రొఫెన్ వేసుకోవడం, కొన్ని రక్తపోటు మందులు, ఇవన్నీ దాని మోతాదును పెంచేస్తాయి. చేతులు బాగా వణకడం, నడక తూలడం, మాట ముద్దగా రావడం కనిపిస్తే తెల్లవారేదాకా ఆగకూడదు.

వాల్‌ప్రోయేట్ మేనియాను త్వరగా అణచగలదు. కానీ ముందు ముందు బిడ్డను కనే అవకాశం ఉన్నవాళ్లకు దాని గురించి దాపరికం లేకుండా చెప్పాలి. గర్భంతో ఉండగా వాడితే పుట్టే పిల్లల్లో సుమారు 10 మందిలో ఒకరికి అవయవ లోపాలు, 10 మందిలో 3 నుంచి 4 గురికి ఎదుగుదల, నేర్చుకోవడంలో ఇబ్బందులు రావచ్చు. నాకు మొదట రాసిన మందు అదే. పాతికేళ్ల పిల్లతో ఈ సంగతి ఎవరూ అనలేదు, నేనే ఏడాది తర్వాత తెలుసుకున్నాను. అడగండి. అడగడానికి మొహమాటం అక్కర్లేదు. అయితే ఇది చదివి రేపటి నుంచి మానేయకండి, డాక్టరుతో మాట్లాడి మార్పించుకోండి.

లామోట్రిజిన్ కుంగుబాటు మళ్లీ రాకుండా కాపాడటంలో గట్టిది, మేనియాను ఆపడంలో మెతకది. దాని మోతాదును వారాల తరబడి కొంచెం కొంచెంగా పెంచుతారు. తొందరపడితే ప్రాణం మీదికి తెచ్చే చర్మవ్యాధి రావచ్చు, అందుకే దద్దురు కనపడిన రోజే ఫోను చేయాలి. వరసగా కొన్ని రోజులు మరిచిపోతే పాత మోతాదు వేసేసుకోకూడదు, మళ్లీ మొదటి మెట్టు నుంచి ఎక్కవలసి రావచ్చు. క్విటియాపిన్ రెండు వైపులా పనిచేస్తుంది, నిద్ర పట్టిస్తుంది. బదులుగా మత్తు, బరువు, రక్తంలో చక్కెర, కొవ్వు పెరగడం ఉంటాయి. అద్దంలో చూసుకుని మందు మానేసినవాళ్లను నేను ఎరుగుదును. బరువును చిన్న విషయంగా కొట్టిపారేసే డాక్టరు ఆ మనిషిని పోగొట్టుకుంటారు.

ఇక నా ప్రశ్న. వీటిలో ఏదీ వేసుకోకపోతే పనిచేయదు. ఎగుపులో మొదట పోయేది మాత్రే. మేనియాకు, భ్రమలకు వాడే యాంటీసైకోటిక్ మందుల్లో కొన్ని రెండు వారాలకో నెలకో ఒకసారి ఇచ్చే ఇంజెక్షన్ రూపంలో దొరుకుతాయి. చాలామంది దాన్ని శిక్షలా చూస్తారు, నేనూ అలాగే చూశాను. తర్వాత ఆలోచిస్తే అది రోజూ చేసుకోవలసిన నిర్ణయాన్ని నెలకొక్కసారికి తగ్గించే ఏర్పాటు మాత్రమే అనిపించింది. మాత్రలు మాటిమాటికీ మానేసే అలవాటు ఉన్నవాళ్లు దాని గురించి ఒకసారి అడిగి చూడవచ్చు. నాకు మాత్రం లిథియమూ, దాన్ని అక్క ఎదుట వేసుకోవడమూ సరిపోయాయి.

మాటల చికిత్సలో ఏ రకం

పేర్లు చూస్తే తికమకగా ఉంటుంది కానీ ముఖ్యమైనవి నాలుగే. ఆలోచనల తీరును పట్టి సరిచేసేది సీబీటీ (కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ). నిద్రలేచే వేళ, మొదటి మనిషిని కలిసే వేళ, పని మొదలుపెట్టే వేళ, భోజనం, పడక, ఇవన్నీ రోజూ ఒకే సమయానికి జరిగేట్టు జీవితాన్ని కుదురుగా అమర్చేది దినచర్య లయ చికిత్స. ఇంటివాళ్లను కూడా కూర్చోబెట్టి మాట్లాడుకోవడం నేర్పేది కుటుంబ చికిత్స. జబ్బు గురించి తరగతిలా బోధించేది బృంద శిక్షణ.

ఏది గొప్పదని వాదులాడేవాళ్లకు అమెరికాలో జరిగిన ఒక పెద్ద పరిశోధన జవాబు చెప్పింది. 2007లో దాని ఫలితాలు వచ్చాయి. మందులు వాడుతూ కుంగుబాటులో ఉన్న 293 మందిలో కొందరికి సీబీటీ, కుటుంబ చికిత్స, దినచర్య లయ చికిత్సల్లో ఒకటి 9 నెలల్లో 30 సార్ల వరకు ఇచ్చారు. మిగిలినవారికి 3 సార్లు మాత్రమే కూర్చోబెట్టి విషయాలు చెప్పారు. ఏడాది చివరికి మొదటి గుంపులో 64 శాతం, రెండో గుంపులో 52 శాతం తేరుకున్నారు. మొదటి మూడు రకాల మధ్య చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కాబట్టి రకం గురించి మథనపడకండి, మీకు అందుబాటులో ఉండి, నెలల తరబడి వెళ్లగలిగినదే మంచిది. బ్రిటన్‌లో 253 మందితో జరిగి 2006లో వెలువడిన సీబీటీ పరిశోధన ఇంకో సూచన ఇచ్చింది. మొత్తం మీద లాభం కనపడలేదు గానీ, అప్పటికి 12 కంటే తక్కువసార్లు జబ్బు తిరగబెట్టినవాళ్లకు ఉపయోగపడినట్టు కనిపించింది. నిర్ధారణ కొత్తగా జరిగినవాళ్లు వాయిదా వేయకపోవడమే మేలని నేను దాన్ని చదువుకున్నాను.

బృంద శిక్షణ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే నా తక్కెడలో అది బాగా మొగ్గింది. బార్సిలోనాలో 120 మందిని రెండు భాగాలు చేశారు. అందరూ అప్పటికి కుదురుగా ఉన్నవాళ్లే, అందరూ మందుల మీద ఉన్నవాళ్లే. ఒక భాగానికి 21 వారాలు జబ్బు లక్షణాలు, మందులు, ముందస్తు గుర్తులు, నిద్ర గురించి పాఠాలు చెప్పారు. రెండో భాగం కూడా అన్నిసార్లే కలిసింది, కానీ పాఠం లేదు, కబుర్లు మాత్రమే. 2003లో వచ్చిన ఫలితాల్లో పాఠాలు విన్నవాళ్లకు జబ్బు తిరగబెట్టడం తగ్గింది. అయిదేళ్ల తర్వాత చూసినా ఆ తేడా నిలిచే ఉంది. అంటే నలుగురు కలిసి కూర్చోవడం మంచిదే గానీ, కలిసి కూర్చుని ఏం చేశారన్నది ముఖ్యం. ఇంకో సంగతి కూడా గమనించండి, వాళ్లు ఆ పాఠాలు విన్నది బాగున్నప్పుడు. బాగున్నాను కదా ఇంకెందుకు అనిపించే రోజులే చేరడానికి సరైన రోజులు.

ఒంటరిగా సాగే సీబీటీకి నా ప్రశ్న ముందు మార్కులు తక్కువ. గదిలో నేనూ సైకాలజిస్టూ తప్ప ఎవరూ లేరు, నేను ఎగుపులో ఉండి వారం వారం "చాలా బాగున్నాను" అంటే సంతోషించడం తప్ప వారు చేయగలిగింది తక్కువ. దినచర్య లయ చికిత్సలో కాగితం మాట్లాడుతుంది. పడక వేళ వరసగా నాలుగు రోజులు వెనక్కి జరిగితే నేను ఎంత బాగున్నానని చెప్పినా అంకె ఒప్పుకోదు.

అదే దారిలో నడుస్తున్నవాళ్లు

ఇదే జబ్బు ఉన్నవాళ్లు నడిపే సహాయ బృందాలు చాలా దేశాల్లో ఉన్నాయి. అమెరికాలోని డిప్రెషన్ అండ్ బైపోలార్ సపోర్ట్ అలయన్స్ 1985 నుంచి అలాంటి పని చేస్తోంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2019లో ప్రపంచమంతా కలిపి 4 కోట్ల మందికి బైపోలార్ ఉంది. ఆ అంకె చదివినప్పుడు నాకేమీ అనిపించలేదు. ఒక గదిలో పదకొండు మంది మధ్య కూర్చుని, ఒక పెద్దాయన తన "బంగారు వేసవి" గురించి చెబుతుంటే విన్నప్పుడు మాత్రం నా ఒంటి మీద వెంట్రుకలు లేచాయి. కోర్సులు, ఫోన్లు, డబ్బు, అన్నీ అవే. నాకు మాత్రమే దొరికిన వరం అనుకున్నది పాఠ్యపుస్తకంలో ఉన్నట్టే ఉంది. సిగ్గేసింది, వెంటనే తేలికపడింది. ఆ పని ఏ డాక్టరూ చేయలేకపోయారు.

ఎదురెదురుగా కూర్చునే బృందమా, ఫోనులో రాసుకునే బృందమా అంటే, వీలుంటే మొదటిదే అంటాను. నేను గబగబా మాట్లాడుతుంటే పక్కన కూర్చున్న మనిషికి తెలిసిపోతుంది. రాతలో తెలియదు, పైగా బాగా రాస్తున్నావని మెచ్చుకుంటారు. ఫోను బృందం రాత్రి రెండు గంటలకూ మేలుకునే ఉంటుంది, అది దాని బలమూ దాని ప్రమాదమూ. నిద్రే మందయిన జబ్బుకు రాత్రంతా తెరిచి ఉండే తలుపు ఎంత మేలు చేస్తుందో మీరే ఆలోచించుకోండి. దూరప్రాంతాల్లో ఉన్నవాళ్లకు, గుట్టు బయటపడకూడదనుకునేవాళ్లకు వేరే దారి లేకపోవచ్చు. అలాంటప్పుడు వేళ పెట్టుకుని, ఎవరో ఒకరు పెద్దరికం వహించి నడిపే బృందాన్ని వెతకండి.

కొన్ని బృందాల నుంచి మాత్రం దూరంగా ఉండాలి. మందులు మానేసినవాళ్లను వీరుల్లా చూసేవి, ఎవరి మోతాదు ఎంతో పోల్చుకుని సలహాలిచ్చేవి, మేనియా కథలను పోటీపడి చెప్పుకునేవి. మూడో రకం నన్ను బాగా ఆకర్షించింది కాబట్టి దాని గురించి గట్టిగానే చెబుతున్నాను.

ఎవరికి చెప్పాలి

అందరికీ చెప్పేయడం ధైర్యమని, ఎవరికీ చెప్పకపోవడం పరువని రెండు వాదాలు వింటుంటాం. నా మటుకు నేను చెప్పే క్రమం వేరు: ముందు ఒక్కరికి పూర్తిగా, తర్వాత కొద్దిమందికి కొంత, మిగిలినవారికి తీరిగ్గా ఆలోచించుకున్నాక. చెప్పని మాట ఎప్పుడైనా చెప్పుకోవచ్చు, చెప్పిన మాటను వెనక్కి తీసుకోలేము. నిర్ధారణ జరిగిన వారంలోనూ, ఎగుపులోనూ నలుగురికీ ప్రకటించకుండా ఉంటే చాలు. నేను రెండు తప్పులూ చేశాను.

ఆ ఒక్కరు ఎవరు? ఎక్కువ ప్రేమించే మనిషి అని అందరూ అంటారు. నేనైతే మనకు భయపడని మనిషి అంటాను. అమ్మకు నా మీద ఉన్నంత ప్రేమ ఎవరికీ లేదు, కానీ నేను గొంతు పెంచితే ఆమె ఏడుస్తుంది, ఊరుకుంటుంది. అక్క ఊరుకోదు. ఒకసారి నేను ఉత్సాహంగా ఏదో కొత్త వ్యాపారం గురించి చెబుతుంటే మధ్యలో ఆపింది.

"నిన్న ఎన్ని గంటలు పడుకున్నావు?"

"అక్కా, ప్రతిదానికీ జబ్బేనా? నేను సంతోషంగా ఉండకూడదా?"

"ఉండు. ఎన్ని గంటలు పడుకున్నావో చెప్పి ఉండు."

ఇక్కడ ఇంటివాళ్లకూ ఒక మాట. నవ్విన ప్రతిసారీ మందు వేసుకున్నావా అని అడిగితే మనిషి మీ ముందు నవ్వడం మానేస్తుంది. ఇంట్లో దెప్పిపొడుపు ఎక్కువైతే జబ్బు తిరగబెట్టడమూ ఎక్కువని పరిశోధనలు చెబుతున్నాయి. కుటుంబ చికిత్స ఉన్నది అందుకే. అక్క, నేను కలిసి ఒక ఒప్పందం రాసుకున్నాం. ఆమె నా సంతోషం గురించి అడగదు, నిద్ర గురించి మాత్రమే అడుగుతుంది. వరసగా రెండు రాత్రులు అయిదు గంటలకు తగ్గితే డాక్టరుకు ఫోను చేస్తుంది. నా అనుమతి ఆ కాగితంలోనే ముందుగా ఇచ్చేశాను. బ్యాంకు కార్డు ఆమె చేతికి ఇస్తాను. ఆసుపత్రిలో చేరవలసి వస్తే ఎక్కడ చేరడానికి నాకు సమ్మతం, ఏ మందు నాకు పడలేదు, ఎవరికి కబురు పెట్టాలి, ఎవరికి పెట్టకూడదు, అన్నీ అందులో ఉన్నాయి. ఒక ప్రతి డాక్టరు దగ్గర, ఒకటి అక్క దగ్గర ఉంది. కుదురుగా ఉన్న నెలలో, తేదీ వేసి రాసిన కాగితం అది. ఇంతవరకు చెప్పిన అండలన్నిటిలో నా ప్రశ్నకు నిక్కచ్చిగా నిలిచేది ఇదొక్కటే, ఎందుకంటే ఎగుపులో ఉన్న నాతో వాదించేది మరెవరో కాదు, నా దస్తూరీయే.

పనిచేసే చోట జబ్బు పేరు చెప్పాలా, అవసరం మాత్రం చెప్పాలా? మీ దేశంలో వైకల్యం, అనారోగ్యం ఉన్న ఉద్యోగులకు చట్టం ఇచ్చే రక్షణ ఏమిటో ముందు తెలుసుకోండి. రక్షణ పొందాలంటే కొన్నిచోట్ల పేరు చెప్పక తప్పదు. తప్పనిసరి కానప్పుడు నేను అవసరమే చెబుతాను: రాత్రి డ్యూటీలు నాకు పడవు, మూడు నెలలకొకసారి పరీక్షలకు ఒక పూట సెలవు కావాలి. చాలా ఉద్యోగాల్లో అంతకు మించి అడగవలసిన పని ఉండదు. తన సంగతి దాచకుండా చెప్పినవాళ్లూ ఉన్నారు. జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో మనోరుగ్మతల ఆచార్యురాలైన కే రెడ్‌ఫీల్డ్ జేమిసన్ తనకు ఇదే జబ్బు ఉందని, లిథియం వాడుతున్నానని 1995లో లోకానికి చెప్పారు. అప్పటికి ఆమె ఆ రంగంలో స్థిరపడిన మనిషి. ఉద్యోగంలో మొన్న చేరినవాళ్లకు ఆమె ధైర్యం ఆదర్శమే గానీ కొలత కాదు.

మనోస్థితిని రోజూ రాసిపెట్టుకోవడం గురించి ఒక్క మాట. పుస్తకమా, ఫోనులో యాపా అని అడుగుతారు. మూడు నెలలు మానకుండా ఏది నింపగలరో అది. నేను పుస్తకంలో నాలుగు గడులే గీసుకున్నాను: పడుకున్న గంటలు, మనసు అంకె, మందు, ఖర్చు. ఖర్చు గడి ఏ పట్టికలోనూ చూడలేదు, నాకు మాత్రం నిద్ర తర్వాత అంత ముందుగా చెప్పేది అదే.

అన్నీ ఒకేసారి సమకూర్చుకునే ఓపిక ఎవరికీ ఉండదు. తొలి నెలలో రెండే చూసుకోండి: మందు రాసే డాక్టరు, నిద్ర లెక్క అడిగే ఒక మనిషి. కాస్త కుదురుకున్నాక ఒప్పంద కాగితం. బృంద శిక్షణ దొరికితే అది, లేకపోతే అందుబాటులో ఉన్న ఏదో ఒక మాటల చికిత్స. సహాయ బృందం ఎప్పుడైనా సరే, కానీ మొదటిసారి వెళ్లి నచ్చకపోతే ఇంకో రెండుసార్లు వెళ్లి చూశాకే మానండి. ఉద్యోగంలో చెప్పడం అన్నిటికంటే చివరన.

మా ఒప్పంద కాగితాన్ని ఏటా ఒకసారి తీసి చదువుకుంటాం. పోయినసారి అక్క ఒక మార్పు అడిగింది. అయిదు గంటల గీతను అయిదున్నరకు జరపమంది. నేను ససేమిరా అన్నాను, గంటసేపు బేరమాడాను. చివరికి సంతకం పెట్టాను.